అతను చైను కింద ఎందుకు నిలబడ్డాడు

పోయిన వారం అంకెలమ్మను ఆఫీసు ప్రింటరు ముందు వదిలేసి వచ్చాం. అప్పుడామె చేతిలో ఒక పాత ఉత్తరం నకలు ఉంది. దాని అడుగున ఉన్న సంతకాన్ని ఆమె ఇట్టే గుర్తుపట్టింది. అది ఆమె మామగారి సంతకం.

గోదాముల్లో బరువులెత్తే ఫోర్క్‌లిఫ్టు బళ్ళు తయారుచేసే కంపెనీలో మార్కెట్ రిపోర్టులు రాయడం ఆమె ఉద్యోగం. ఏ విషయమైనా ముందు అంకె చెప్పి తర్వాత మాట చెబుతుంది కాబట్టి అందరూ అంకెలమ్మ అనే పిలుస్తారు. ఆ పేరు మొదట పెట్టింది ఆమె అన్న. అతను అదే ఫ్యాక్టరీలో టెస్ట్ డ్రైవరు. తయారైన ప్రతి బండితోనూ బరువెత్తించి చూసి, బాగుందని అతనంటేనే అది గేటు దాటేది. ఆరేళ్ళ కిందట ఒక ఉదయం బండి ఎత్తిన బరువు కింద అతను నిలబడి ఉండగా చైను తెగింది. ఆసుపత్రికి చేరేలోపే ప్రాణం పోయింది. ఎత్తిన బరువు కింద నిలబడకూడదన్న నియమం మీరినందువల్ల జరిగిన ప్రమాదమనీ, తప్పు మృతుడిదేననీ విచారణ కమిటీ రాసి ఫైలు మూసేసింది.

ఇప్పుడు ఆ కంపెనీని కొనడానికి ఒక విదేశీ సంస్థ ముందుకొచ్చింది. వాళ్ళకు చూపించడానికి ప్రపంచ మార్కెట్ పోకడల మీద రిపోర్టు రాస్తూ అంకెలమ్మ ఒక వింత గమనించింది. సముద్రం అవతల ఒక ప్రాంతంలో ఏడాదికి నలభై బళ్ళు కొనేవాళ్ళు, ఆరేళ్ళ కిందట ఉన్నట్టుండి కొనడం మానేశారు. కారణమేమిటని అక్కడి పాత డీలరుకు రాసింది. అతను జవాబేమీ రాయకుండా మూడు ఉత్తరాల నకళ్ళు పంపి ఊరుకున్నాడు.

ఆదివారం పొద్దున తొమ్మిదిన్నరకు ఆ మూడు నకళ్ళూ రిపోర్టు కాగితాల మధ్య పెట్టుకుని ఆమె వరండాలోకి వచ్చింది.

మామగారు పేము కుర్చీలో కూర్చున్నారు. కంటికి శుక్లాల ఆపరేషన్ జరిగి అది నాలుగో రోజు. సగం ముఖాన్ని కప్పేసే నల్ల కళ్ళద్దాలు పెట్టుకున్నారు. చదవకూడదు, వంగకూడదు, కన్ను తడవనివ్వకూడదు అని డాక్టరు చెప్పి పంపాడు. పొద్దున్నే పేపరు మొత్తం, చివరి పేజీలో ప్రకటనలతో సహా చదివితేగాని కాఫీ కప్పు కింద పెట్టని మనిషికి ఈ నాలుగు రోజులూ నాలుగు నెలల్లా గడిచాయి.

"నువ్వేనా తల్లీ? చెప్పుల చప్పుడు బట్టి పోల్చుకుంటున్నాను. ఇంకో వారం ఇలాగే ఉంటే గోడ మీద బల్లిని కూడా నడక బట్టి గుర్తుపడతాను."

ఇంకో రోజైతే ఆమె నవ్వేదే.

"రిపోర్టు అయింది మామయ్యా. చదివి వినిపించనా?"

"అడగాలా? నిన్నటి నుంచీ అదే చూస్తున్నాను. వాడు కూడా ఊళ్ళో లేడు, మాట్లాడదామంటే." వాడంటే ఆమె భర్త. కంపెనీలో మెయింటెనెన్స్ ఇంజినీరు. కంపెనీ కొనడానికి వస్తున్నవాళ్ళకు ఎదురెళ్ళి తీసుకురావడానికి నిన్ననే రేవు పట్నం వెళ్ళాడు.

ఆమె స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చుంది. ముప్పై రెండేళ్ళు విదేశీ అమ్మకాల విభాగాన్ని నడిపిన మనిషి ఆయన. ఆమె ఉద్యోగంలో చేరిన కొత్తలో బల్ల మీద ప్రపంచపటం పరిచి, ఏ దేశంలో గోదాము తలుపులు ఎంత ఎత్తుంటాయో, ఎక్కడివాళ్ళు ఎర్ర బండి కొంటారో, ఎక్కడివాళ్ళు పసుపు రంగైతే తప్ప చూడరో వేలుపెట్టి చూపించింది ఆయనే. తండ్రి లేని ఆమెకు ఆ బల్ల దగ్గరే తండ్రి దొరికాడనిపించేది.

ఆమె చదవసాగింది. డీజిల్ బళ్ళకు గిరాకీ ఏటేటా తగ్గుతోందనీ, మూసి ఉండే గోదాముల్లో పొగ వద్దని అంటున్నారనీ, ఆ చోటును బ్యాటరీ బళ్ళు ఆక్రమిస్తున్నాయనీ రాసింది. ఇంట్లో కూర్చుని ఫోన్లో సరుకు తెప్పించుకునే జనం పెరిగేకొద్దీ గోదాములు పెరుగుతున్నాయనీ, వాటిలో డ్రైవరు లేకుండా తమంతట తామే దారి చూసుకునే బళ్ళు వస్తున్నాయనీ, కొత్త బండి కొనే బదులు అద్దెకు తెచ్చుకునేవాళ్ళు ఎక్కువవుతున్నారనీ రాసింది.

"డ్రైవరు లేని బండి!" మామగారు తల అడ్డంగా ఆడించారు. "బాగానే ఉంది. మరి టీ వేళకి బండి ఆపేదెవరు? యూనియన్ పెట్టేదెవరు? ఆ బళ్ళున్న గొడౌన్లో కబుర్లు కూడా ఉండవమ్మా. చదువు, చదువు."

"ఐదో పేజీకి వచ్చాను మామయ్యా. ప్రాంతాల వారీగా మన అమ్మకాలు."

"ఊఁ."

"ఒక ప్రాంతంలో మార్కెట్ పెరుగుతూనే ఉంది. మనం మాత్రం ఒక్క ఏడాదిలో నలభై నుంచి సున్నాకి పడిపోయాం."

కుర్చీ చేతి మీద తాళం వేస్తున్న ఆయన వేళ్ళు ఆగాయి.

"అది చిన్న మార్కెట్టు. దాని గురించి అంత ఎందుకు? తీసెయ్."

"నలభై బళ్ళు చిన్నదేం కాదు. మొదటి పాఠంలో మీరే చెప్పారు, అమ్మకం మెల్లిగా తగ్గితే ధర చూడు, ఒక్కసారిగా ఆగితే బండి చూడు అని."

ఆమె మొదటి నకలు పైకి తీసింది. చదువుతున్నది తన గొంతేనా అని ఆమెకే అనుమానం వచ్చింది.

"'మీరు పంపిన కొత్త బళ్ళలో రెండింటికి బరువెత్తే చైను పిన్నులు నాలుగు నెలలకే పగిలాయి. ఒక బండి మూడు మీటర్ల ఎత్తునుంచి సరుకును కింద పడేసింది. ఆ సమయానికి అక్కడ మనిషి లేడు. ఇంతకుముందు బళ్ళలో ఈ చైను లేదు. వెంటనే కారణం తెలియజేయండి.'"

వీధిలో ఎవరో గేటు తీసి వేశారు.

"రెండోది చదువుతాను. 'మూడో బండి చైను కూడా తెగింది. మా మనిషి కాలు పోయింది. ఈ చైనుతో తయారైన బళ్ళన్నిటినీ, అవి ఎక్కడున్నా, దయచేసి ఆపించండి.' దీని తారీఖు మా అన్నయ్య పోవడానికి నలభై ఆరు రోజుల ముందుది." ఆమె మూడో కాగితం తిప్పింది. "ఇది మన ఆఫీసు నుంచి వెళ్ళిన జవాబు. 'మీ ఉత్తరాలు అందినవి. విషయము పరిశీలనలో ఉన్నది...'"

"'...ఈలోగా ఈ సంగతిని ఇతర డీలర్లతో చర్చించవద్దని మనవి.'" మిగతాది ఆయనే చెప్పారు. ఒక్క అక్షరం పొల్లుపోకుండా చెప్పారు.

అబద్ధమని అంటారేమో, ఎవరో తన సంతకం దొంగిలించారని అంటారేమో అని ఆమె మనసులో ఏ మూలో ఆశ పెట్టుకుంది. ఆ ఆశ పోయింది.

"మీకు తెలుసన్నమాట."

"తెలుసు."

"ఆరేళ్ళు. ఆరేళ్ళుగా ఒకే ఇంట్లో ఒకే బల్ల దగ్గర తింటున్నాం మామయ్యా. ఏటా అన్నయ్య పోయిన రోజున వదిన ఇక్కడికే వచ్చి నా పక్కన కూర్చుంటుంది. ఆ రోజు పొద్దున ఆయనతో మాట్లాడలేదు, ఆ దిగులుతోనే పరధ్యానంగా వెళ్ళి బండి కింద నిలబడ్డాడు, నేనే చంపుకున్నాను అని ఏడుస్తుంది. మీరు పక్క గదిలోంచి వింటారు. విని, మంచినీళ్ళు తెచ్చి ఇస్తారు."

"ఇచ్చాను."

"అప్పుడైనా చెప్పబుద్ధి కాలేదా?"

"నన్ను విచారణకి పిలవలేదమ్మా. పిలిచి అడిగుంటే చెప్పేసేవాణ్ణి. మూడు రోజులు కమిటీ గది బయట బెంచీ మీద కూర్చున్నాను, ఎవరైనా అడుగుతారేమోనని. ఒక్కరూ అడగలేదు."

"ఎవరడగాలి మామయ్యా? పోయినవాడు లేచి వచ్చి అడగాలా?"

ఆయన తల వంచబోయి, వంగకూడదన్నది గుర్తొచ్చినట్టు మళ్ళీ వెనక్కి వాలారు. మెల్లిగా మొదలుపెట్టారు.

"ఉత్తరాలు రాగానే పైవాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళాను. కొత్త చైను తెప్పించాలంటే మూడు నెలలు పడుతుంది, అప్పటిదాకా నోరు మెదపకు అన్నారు. జవాబు వాళ్ళే రాయించారు, నేను సంతకం పెట్టాను. అక్కడితో ఆగిపోయినా బాగుండేది. మీ అన్న వచ్చాడు."

"అన్నయ్యా? మీ దగ్గరికా?"

"ఒక సాయంత్రం వచ్చాడు. రుమాల్లో చుట్టి ఒక పిన్ను తెచ్చాడు. వెంట్రుకంత పగులు. 'పెద్దాయనా, మన కొత్త బళ్ళలో ఇలాంటివి ఇంకా ఉన్నాయి. రేపు రాతపూర్వకంగా ఇచ్చేస్తాను. మీరు కాబోయే చుట్టం కదా, ముందు మీకు చెప్పాలనిపించింది' అన్నాడు. అప్పటికి నీ పెళ్ళి కుదిరి నెల కాలేదు."

ఆయన చెప్పబోయేదేమిటో ఆమెకు అర్థమవుతూనే ఉంది. ఆపమని చెయ్యెత్తింది కూడా. నల్ల అద్దాల వెనకున్న ఆయనకు ఆ చెయ్యి కనిపించలేదు.

"నేనేమన్నానో తెలుసా? 'బాబూ, ఇది బయటికొస్తే ముందు పోయేది నేనే. జవాబు మీద సంతకం నాది. రేపు నీ చెల్లెలు అడుగుపెట్టబోయేది ఆ ఇంట్లోనే. పెళ్ళయ్యేదాకా ఆగు. పెళ్ళయిన మర్నాడు నేనే వెళ్ళి అంతా చెబుతాను' అన్నాను."

"వాడేమన్నాడు?"

"రుమాలు మళ్ళీ చుట్టుకున్నాడు. 'సరే పెద్దాయనా. అయితే అప్పటిదాకా యార్డులో ఆ చైనుతో ఉన్న పదమూడు బళ్ళనీ నేనొక్కణ్ణే ముట్టుకుంటాను. ఇంకో మనిషిని ఎక్కనివ్వను. రోజూ పొద్దున షిఫ్టు మొదలయ్యేలోపు చైన్లన్నీ నేనే చూసుకుంటాను' అన్నాడు."

అంకెలమ్మకు కళ్ళ ముందు ఫ్యాక్టరీ యార్డు కనిపించింది. ఇంకా ఎవరూ రాని ఉదయం. చైను మీద బరువు పడితేగాని పగులు విచ్చుకుని కనపడదు. అందుకని బరువు ఎత్తిపెట్టి, టార్చిలైటు పట్టుకుని, తల పైకెత్తి ఒక్కొక్క పిన్నే చూస్తూ అతను. ప్రమాదం జరిగిన చోట పగిలిన టార్చిలైటు దొరికింది. పగటి వెలుతురులో టార్చిలైటు ఎందుకని కమిటీలో ఎవరికీ సందేహం రాలేదు. తనకూ రాలేదు.

"అజాగ్రత్తతో నిలబడలేదు," అంది ఆమె, తనకు తానే చెప్పుకుంటున్నట్టు. "పరధ్యానంతోనూ కాదు. ఇంకెవరి మీదా పడకూడదని నిలబడ్డాడు."

"ఆ రోజుకి నీ పెళ్ళికి ఇంకా పంతొమ్మిది రోజులున్నాయి," అన్నారు మామగారు.

ఆమె చప్పున లేచింది. పెళ్ళి అన్న పోయాక నాలుగు నెలలకి, మేళం లేకుండా, పాతిక మందితో జరిగింది. తలవంచుకుని కూర్చున్న తనను వదినే చెయ్యిపట్టి లేపి తీసుకొచ్చింది. 'నీ అన్న కోరుకున్నది ఇదొక్కటే, నవ్వుతూ ఉండు' అంది. ఆ రోజు తను నవ్వింది కూడా.

గోడ గడియారం పది కొట్టింది. చుక్కల మందు వేళ అయింది. ఆమె అలవాటు ప్రకారం చేతులు కడుక్కుని వచ్చింది. ఎందుకు చేస్తున్నానా అనుకుంటూనే సీసా మూత తీసి, ఆయన కళ్ళద్దాలు తొలగించింది. ఆపరేషన్ చేసిన కన్ను ఎర్రగా, నిండా నీళ్ళతో ఉంది.

"ఏడవకండి మామయ్యా. మందు నిలవదు."

"నువ్వు తిట్టమ్మా. తిడితే బాగుంటుంది నాకు."

"తిట్టడానికి నాకు మాట దొరకడం లేదు."

రెండు చుక్కలూ సరిగ్గా కంట్లోనే పడ్డాయి. అది తలచుకుని తర్వాత చాలాకాలం ఆమె తనమీద తనే అసహ్యపడింది.

సంచీ భుజాన వేసుకుని గుమ్మం దాకా వెళ్ళి, ఏదో తట్టి వెనక్కి తిరిగింది.

"పదమూడు బళ్ళన్నారు. అన్నయ్య మీద పడింది ఒకటి. మిగతా పన్నెండూ ఏమయ్యాయి?"

"విదేశాలకి పంపడానికి వీల్లేకపోయింది. చైన్లు మార్పించి మన సొంత వాడకానికి పెట్టుకోమని కాగితం వచ్చింది. మార్చారో లేదో నేను చూడలేదు, ఆ ఏడాదే రిటైరయ్యాను."

"ఎక్కడ పెట్టారు?"

"స్పేర్ పార్టుల గొడౌన్లో."

అన్న పోయాక కంపెనీ జాలిపడి వదినకు ఉద్యోగం ఇచ్చింది ఆ గోదాములోనే.

*

బస్సు గంటంబావు పట్టింది. రెండుసార్లు ఫోన్ చేసినా వదిన ఎత్తలేదు. ఆరు నెలలకోసారి సరుకు లెక్కపెట్టే రోజు కాబట్టి ఆదివారమైనా గోదాము తెరిచే ఉంది. రేకుల కప్పు కింద ఇనుప అరలు మనిషికి నాలుగింతల ఎత్తున బారులు తీరి ఉన్నాయి. గ్రీజు వాసన, అట్టపెట్టెల వాసన. మూడో బారులో పసుపుపచ్చ ఫోర్క్‌లిఫ్టు ఒకటి చెక్క పలక నిండా పెట్టెలు పెట్టుకుని పైఅరకు ఎత్తుతోంది. దానికి నాలుగడుగుల దూరంలో వదిన, చెవి మీద పెన్సిలు, చేతిలో అట్ట, తల పైకెత్తి పెట్టెలు లెక్కపెడుతోంది.

"వదినా! ఇటు రా! బరువు దింపెయ్యండి! దింపెయ్యండి!"

ఆ కేకకి గోదాము అంతా ఆగిపోయింది. డ్రైవరు పొడుగాటి మనిషి. అందరూ నిచ్చెన అంటారు. అతను కంగారుగా లివరు లాగాడు. పెట్టెలు మెల్లిగా, ఒక్క కుదుపు లేకుండా నేలకు దిగాయి. అంకెలమ్మ అప్పుడు గాలి పీల్చుకుంది.

"ఏమైంది మేడమ్? చీమ కూడా అడ్డం రాలేదు కదా," అన్నాడు నిచ్చెన.

"తాళం తీసి నాకివ్వండి. మిగతా బళ్ళవి కూడా. ఇవాళ్టికి ఏ బండీ కదలకూడదు."

"ఎవరి ఆర్డరండీ?"

"నాదే అనుకోండి."

నిచ్చెన వదిన వంక చూశాడు. వదిన తల ఊపింది. ఆ గోదాములో ఆమె మాటంటే అందరికీ గురి. ఒక్కొక్క తాళమే తెచ్చి అతను ఆమె అరచేతిలో పెట్టాడు.

ఇద్దరూ గోడవారగా పడున్న ఖాళీ చెక్క పలకల మీద కూర్చున్నారు. వదిన ఇంకా చెవి మీది పెన్సిలు తియ్యలేదు.

"అమ్మాయ్, ఆ ముఖమేమిటి? మీ మామయ్యగారి కన్నుకి ఏమైనా అయిందా?"

"కాదు వదినా."

దారి పొడుగునా మాటలు కూడబెట్టుకుంటూనే వచ్చింది. ఎక్కడ మొదలెట్టాలో, ఏది ముందు చెబితే దెబ్బ తక్కువ తగులుతుందో చూసుకుంది. తీరా ఆ ముఖం చూశాక అన్నీ చెదిరిపోయాయి. చైను సంగతి, ఉత్తరాల సంగతి, రుమాల్లో పిన్ను, టార్చిలైటు అన్నీ వరస తప్పి చెప్పింది. వదిన మధ్యలో ఒక్కసారి కూడా అడ్డురాలేదు. ఒళ్ళో అట్ట మీద తను రాసుకున్న అంకెల వైపే చూస్తూ వింది.

"అంటే ఆయన పరధ్యానంగా లేడా?"

"లేడు వదినా. నీవల్ల కాదు. ఎప్పుడూ నీవల్ల కాదు."

వదిన పెదవులు కదిలాయి, ఏడుపు రాలేదు.

"ఆ రోజు ఆయన 'వెళ్ళొస్తా' అన్నాడు. నేను గిన్నెలు తోముతూ వెనక్కి తిరగలేదు. వారం రోజులుగా ఇంట్లో మనిషి మనిషిలా లేడు. అడిగితే చెప్పడు. రాత్రి నిద్రపోడు. నాతో చెప్పలేనిది ఏముంటుందని కోపం నాకు. నా వీపు చూసి వెళ్ళిపోయాడు కదా అని ఆరేళ్ళు..." ఆగింది. "నాది తప్పు కాదని ఎవరైనా చెబితే గుండెల మీద బరువు దిగుతుందనుకునేదాన్ని. దిగడం లేదే అమ్మాయ్. ఇంకా పెరిగింది. అన్నీ ఒక్కడే మోసుకున్నాడు. నేను కాస్త మెత్తగా అడిగుంటే నాతో చెప్పేవాడేమో."

"వదినా..."

"మరి ఎందుకు ఊరుకున్నాడు? తప్పు కనిపిస్తే పెద్ద ఇంజినీర్ని కూడా నిలేసి అడిగే మనిషి. రాసిస్తానన్నవాడు ఎందుకు రాసివ్వలేదు?"

అంతసేపూ చెప్పకుండా మింగింది ఆ ఒక్కటే. చెప్పకుండా లేచిపోవచ్చు. అన్న ఉంటే చెప్పొద్దనే అనేవాడు. కాని తమ ఇంట్లో మాట దాచుకోవడం వల్ల ఎన్నేళ్ళు ఏమేం జరిగిందో చూశాక ఆమెకు ఇక దాచడం చేతకాలేదు.

"నా పెళ్ళి అయ్యేదాకా ఆగమన్నారు మామయ్య. నా కోసం ఆగాడు."

దూరంగా నిచ్చెనా ఇంకో ఇద్దరూ చేతులతో పెట్టెలు మోసుకుంటూ, పెద్దగా మాట్లాడకుండా పని చేసుకుంటున్నారు. వదిన తన చెయ్యి తీసేసుకుంటుందని అంకెలమ్మ ఎదురుచూసింది. అది న్యాయమే అనుకుంది కూడా.

వదిన చెయ్యి తియ్యలేదు. దగ్గరికి తీసుకోనూ లేదు. పక్కన పెట్టిన చెయ్యి పక్కనే ఉంచింది.

"నీ మీద కోపం తెచ్చుకుందామని చూస్తున్నాను," అంది చివరికి. "రావడం లేదు. వచ్చినప్పుడు చెబుతాను. అప్పుడు కాస్త ఓర్చుకో."

"ఓర్చుకుంటాను."

వదిన లేచి ఆ పసుపు బండి దగ్గరికి వెళ్ళింది. నిలువు చట్రం మధ్యలో జిడ్డుగా వేలాడుతున్న చైనును దూరం నుంచే తేరిపార చూసింది. కళ్ళకు ఇప్పుడు వచ్చాయి నీళ్ళు. తుడుచుకోలేదు.

"ఇదే చైనా?"

"అదే చూడాలి. మార్చమని కాగితం వచ్చిందట. ఈ ఆరేళ్ళలో ఎవరైనా ఈ బళ్ళకి చైన్లు మార్చడం నువ్వు చూశావా?"

"టైర్లు మార్చారు. రంగు రెండుసార్లు వేశారు. బ్యాటరీలు మార్చారు. చైను విప్పడం మాత్రం నేనెప్పుడూ చూళ్ళేదు. నేను రాని రోజు గోదాము తెరవరు." ఉన్నట్టుండి ఏదో గుర్తొచ్చి ఆమె ఇటు తిరిగింది. "అమ్మాయ్, మీ ఆయన పోయిన నెల ఇక్కడికి వచ్చాడు. నీకు చెప్పాడా?"

"లేదే. ఎందుకొచ్చారు?"

"తనిఖీ అన్నాడు. ఒక్కడే వచ్చాడు. ఇదిగో, ఈ బండి దగ్గరే చాలాసేపు నిలబడ్డాడు, టార్చి వేసి చైను చూస్తూ. టీ తెస్తే తాగలేదు. వెళ్ళేటప్పుడు నన్ను పక్కకి పిలిచాడు. 'అక్కా' అన్నాడు. నాకు అన్నదమ్ములు లేరు కదా, ఆ పిలుపు వినేసరికి ఎంత ముచ్చటేసిందో." వదిన గొంతు మెల్లమెల్లగా తగ్గిపోయింది. తను ఏం చెబుతోందో తనకే అప్పుడప్పుడే తెలిసివస్తున్నట్టు, ఒక్కొక్క మాటే కూడబలుక్కుంటూ చెప్పింది.

"'అక్కా, ఈ బళ్ళు బరువెత్తినప్పుడు నువ్వు మాత్రం దగ్గరికి రాకు. ఎందుకని అడక్కు. ఇంట్లో మా ఆవిడకి కూడా చెప్పకు' అన్నాడు."